క్లౌ దొర కంటే ముందు పేరయ్య

తాడేపల్లి పక్కన సీతానగరం దగ్గర కృష్ణ కుడివైపు బయలుదేరే కాలువ, కొమ్మమూరు కాలువగా సాగి, పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువను కలుస్తుంది. ఆ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల పనిని 1876-78 కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని తవ్వించారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ రెండు సంగతులనూ ముడిపెట్టి, అన్నం చూపించి మతం మార్చారని కొందరంటారు. దొర పుణ్యాన పల్లెలు బాగుపడ్డాయని మరికొందరంటారు. నిందలోనూ పొగడ్తలోనూ ఉన్న తప్పు ఒకటే. రెండింటిలోనూ చేసేది దొర, చేయి చాచేది మాదిగపల్లె. యెర్రగుంట్ల పేరయ్య జీవితం తెలిస్తే ఆ మాట నిలబడదు.

పేరయ్యది ఒంగోలుకు దాదాపు 40 మైళ్ల దూరంలోని తాళ్లకొండపాడు. తోళ్ల వ్యాపారం ఆయన వృత్తి. మోట బావి కింద సేద్యమంతా తోలు బాన మీద ఆధారపడిన రోజులవి. ఆ తోలు అందించినవాళ్లను మాత్రం ఊరు వెలుపలే ఉంచింది. పేరయ్య అప్పటికే దేవుణ్ణి వెతుకుతున్న మనిషి. ఒక స్త్రీ గురువు దగ్గర యోగం నేర్చుకున్నారు, తన చుట్టూ ఉన్నవాళ్లకు నేర్పారు. వీరబ్రహ్మం శిష్యుడిగా మాదిగ కక్కయ్యను తలచుకునే నేలలో ఇది వింతేమీ కాదు. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు అక్కడి మిషనరీల మాట చెవిన పడింది. 1866 మార్చిలో ఆయన, ఆయన భార్య బాప్తిస్మం తీసుకున్నారు. క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది ఆ ఏడాది సెప్టెంబరులో. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు అందులో ఉన్నది ఎనిమిది మందే. అదే నెలలో క్లౌ తాళ్లకొండపాడు వెళ్లేసరికి చుట్టుపక్కల పల్లెల జనం అప్పటికే వచ్చి కూర్చున్నారు. అక్కడ 28 మంది బాప్తిస్మం పొందారు. ఆ జనాన్ని సిద్ధం చేసింది పేరయ్య. చుట్టరికాల దారుల్లో, తోళ్ల బేరాల దారుల్లో ఆయన ఊరూరా తిరిగి చెప్పిన మాట అది.

కరువు లేకపోతే ఇంతమంది వచ్చేవారా అన్న ప్రశ్నను కొట్టిపారేయలేం. కానీ కరువుకు ముందే ఒంగోలు సంఘంలో మూడు వేలకు పైగా సభ్యులున్నారు. అంటే పదేళ్ల పాటు జనం వచ్చింది లాభం చూసుకుని కాదు, నష్టానికి తెగించి. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, ఆదివారం పని చేయకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు అన్న మూడు నియమాలు వాళ్లను గ్రామపెద్దల కోపానికి గురిచేశాయి. జాతరలో డప్పు కొట్టనన్నవాడికి నీళ్లు కట్టేశారు, పని లేకుండా చేశారు. ఇక కరువు నడుస్తున్నంత కాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశారు. సాయం ముగిసిందని, ఇక డబ్బు రాదని తెలిశాక కూడా జనం వెల్లంపల్లికి కదిలి వచ్చారు. కూలి దొరికిన చోట కృతజ్ఞత పుట్టి ఉంటుంది, నిజమే. అది కాలువ పనికి వచ్చిన ప్రతి మనిషికీ ఉండేదే. ఆ కృతజ్ఞతను అమ్ముడుపోవడం అనడం పేదవాడి మనసును అవమానించడమే.

కాలువ దగ్గర జరిగిన పని తీరు కూడా చూడాలి. క్లౌ సర్వే పని తెలిసినవారు, కాంట్రాక్టు పట్టగలిగారు. అయితే వేల మందిని ముఠాలుగా కట్టి నడిపింది దాదాపు 30 మంది తెలుగు బోధకులే. ఎవరు జబ్బుపడ్డారో, ఎవరి బిడ్డ పోయిందో వాళ్లకు తెలుసు. విశ్రాంతి వేళ పక్కన కూర్చుని మాట్లాడింది వాళ్లు. జులై 3న నీళ్లలో దిగి బాప్తిస్మాలు ఇచ్చింది కూడా ఆరుగురు తెలుగు పాస్టర్లే, క్లౌ కాదు. పాస్టరు అన్న మాటకు ఈ ప్రాంతంలో ఉన్న అర్థం అక్కడ రూపుదిద్దుకుంది. ప్రార్థన చేసేవాడే మస్టరు చూసేవాడు, అర్జీ రాసేవాడు, కరణం ముందు నిలబడి మాట్లాడేవాడు.

విదేశీ డబ్బు ఆగితే ఇదంతా ఆగేదని ఇంకో వాదన. 1903లో తెలుగు బాప్టిస్టులు తమ సొంత సొసైటీ ద్వారా నెల్లూరు నుంచి జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు, చెరకు, తేయాకు తోటల్లోని తెలుగు కూలీల దగ్గరికి పంపారు. చేయి చాచినవాళ్లు చేసే పని కాదది. కులం మాత్రం చర్చి గడప దాటి లోపలికి వచ్చిందన్న విమర్శకు నా దగ్గర గట్టి జవాబు లేదు. ఏ మిషను సంఘంలో ఏ కులం ఎక్కువో ఈ జిల్లాల్లో అందరికీ తెలుసు. పేరయ్య తరం మొదలుపెట్టిన పని అక్కడ సగంలో ఉంది.

ఒంగోలులో మిషనరీలు జ్యువెట్, క్లౌ పేర్లు చర్చికీ ఆసుపత్రికీ ఉన్నాయి. ఉండాల్సిందే. పేరయ్య గురించి మనకు తెలిసిన దానిలో చాలా భాగం క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ 1899లో అచ్చువేసిన పుస్తకం వల్లే దక్కింది. అదైనా ఇంగ్లిషులో ఉంది. పాత సంఘాల్లో మిగిలిన బాప్తిస్మపు పుస్తకాలను చెదలు తినకముందే సేకరించాలి. పల్లెల్లో పాస్టర్ల కుటుంబాలు చెప్పుకునే సంగతులను రాసి పెట్టాలి. ఇది చర్చిల పని మాత్రమే అనుకోవద్దు. ఒంగోలులో విశ్వవిద్యాలయం ఉంది, చరిత్ర విద్యార్థులున్నారు. ప్రకాశం, గుంటూరు జిల్లాల కరువు చరిత్ర బడిలో చెప్పేటప్పుడు తోళ్ల వ్యాపారి పేరయ్య పేరు క్లౌ పేరుకు ముందు రావాలి.