హాల్లో చెప్పింది సరే.. కారిడార్‌లో ఏం విన్నారు?

అక్టోబరు, నవంబరు వచ్చాయంటే అమెరికాలో ఎనిమిదో తరగతి పిల్లలున్న మన తెలుగు ఇళ్లలో చాలాచోట్ల ఒకటే చర్చ. ఏ స్కూల్ ఓపెన్ హౌస్ ఎప్పుడు, ఎవరు వెళ్తున్నారు, ఏం అడగాలి? ఓపెన్ హౌస్ అంటే పెద్ద విశేషమేమీ కాదు. ఒక సాయంత్రం బడి తలుపులు తెరిచి, తల్లిదండ్రుల్ని పిలిచి, ల్యాబులు చూపించి, ‘మా దగ్గర చదువు ఇలా ఉంటుంది’ అని చెప్పడం. సైన్స్, ఇంజినీరింగ్, కళలు అంటూ ఒక్కో రంగానికి ప్రత్యేకించిన హైస్కూల్ ప్రోగ్రాములకు ఈ సందడి మరీ ఎక్కువ.

ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ఎనిమిదో తరగతి పిల్లల కబుర్లు ఎందుకనుకోకండి. విషయం మీదే.

ఈ బళ్ల స్థాయి ఎలాంటిదో ముందు చూద్దాం. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఉత్తర వర్జీనియాలో థామస్ జెఫర్సన్ హైస్కూల్ ఫర్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఉంది. 1985లో మొదలైన ప్రభుత్వ పాఠశాల. చివరి ఏడాదిలో ప్రతి విద్యార్థీ పరిశోధన ప్రాజెక్టు చేయాల్సిందే. అక్కడి పిల్లలు తయారుచేసిన చిన్న ఉపగ్రహం 2013 నవంబరులో నింగికెక్కింది. సీట్లకు ఎంత పోటీ అంటే, 2020లో ప్రవేశపరీక్ష తీసేస్తే తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. ఆ కేసు సుప్రీంకోర్టు గడప దాకా వెళ్లింది. 2024 ఫిబ్రవరిలో కోర్టు విచారణకు నిరాకరించడంతో కొత్త విధానమే నిలిచింది. న్యూయార్క్‌లోనైతే రాతపరీక్షతో సీట్లిచ్చే ప్రత్యేక హైస్కూళ్లు 8 ఉన్నాయి. ఆ పరీక్షకు 1971 నాటి రాష్ట్ర చట్టమే ఆధారం.

అంత పోటీ ఉన్నా ముందు వెళ్లి చూస్తారు. చూసొచ్చాక ఇంట్లో కూర్చుని మాట్లాడుకుంటారు. గమనించాల్సింది ఆ మాటల్నే.

ఒకే బడి.. రెండు అభిప్రాయాలు

మా పిన్ని కూతురు కుటుంబం రెండేళ్ల కిందట ఇలాంటి ఒక ప్రోగ్రామ్ ఓపెన్ హౌస్‌కి వెళ్లింది. తిరిగొచ్చాక ఫోన్ చేస్తే, బావగారు గుక్క తిప్పుకోకుండా చెప్పారు. లేజర్ ల్యాబు, రోబోలు, త్రీడీ ప్రింటర్లు, ఏ యూనివర్సిటీలో ఎంతమందికి సీట్లొచ్చాయో చూపించే స్లైడు.. ‘ఇంకేం కావాలి?’ అన్నారాయన.

అక్క మాత్రం వేరే సంగతి చెప్పింది. హాల్లో ప్రసంగం అయిపోయాక ఆమె కారిడార్‌లోకి వచ్చిందట. రోబోటిక్స్ టేబుల్ దగ్గర నిలబడిన పదకొండో తరగతి అమ్మాయిని ఒక్కటే అడిగిందట: ‘ఇక్కడ నీకు నచ్చనిదేంటమ్మా?’ ఆ పిల్ల పక్కనున్న టీచర్ వైపు చూసింది. ఆ టీచర్ ‘ఉన్నది చెప్పు, పర్లేదు’ అనేసి, కావాలనే ఇంకో టేబుల్ దగ్గరికి వెళ్లిపోయింది. అప్పుడు ఆ అమ్మాయి మనసు విప్పింది. మొదటి ఏడాది హోంవర్క్ అర్ధరాత్రి దాకా ఉండేదట. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ‘సి’ గ్రేడు వచ్చిందట. పాత బడికి వెళ్లిపోదామని ఫారం కూడా తెచ్చుకుందట. చివరికి ల్యాబులో దొరికిన ఇద్దరు స్నేహితుల వల్ల ఆగిపోయిందట.

‘ఆ స్లైడ్లన్నీ మర్చిపోయాను గానీ, ఆ టీచర్ పక్కకు తప్పుకోవడం మాత్రం గుర్తుండిపోయింది. లోపాలు చెప్పుకోవడానికి భయపడని చోటు అనిపించింది’ అంది అక్క.

కారెక్కాక వాళ్లబ్బాయి ఒక మాట అన్నాడట: ‘మీరిద్దరూ వాళ్లని అడిగారు. నాకేం కావాలో నన్నెవరూ అడగలేదు.’ వాడి సందేహం చిన్నదే. ట్రంపెట్ వాయించడానికి టైం దొరుకుతుందా అని! మర్నాడు మెయిల్ పెట్టి అదీ కనుక్కున్నారు. వాడు దరఖాస్తు చేశాడు, సీటొచ్చింది, చేరాడు. మొదటి టర్మ్‌లో లెక్కల్లో ‘సి’ వచ్చింది. ఇంట్లో ఎవరూ గొడవ చేయలేదు. ఎందుకంటే అది వస్తుందని వాళ్లకు ముందే తెలుసు.

మన దగ్గర తలుపు ఎవరు తెరిచారు?

ఇప్పుడు మీ పదో తరగతి గుర్తు తెచ్చుకోండి. చాలామంది ఇళ్లకు పబ్లిక్ పరీక్షలు కాకముందే కాలేజీ పీఆర్వో వచ్చుంటాడు. ‘ఇవాళ అడ్వాన్స్ కడితే ఫీజులో తగ్గింపు, రేపైతే గ్యారంటీ లేదు’ అనుంటాడు. నాన్న హాస్టల్ చూశారు, అమ్మ మెస్‌లో భోజనం ఎలా ఉందో కనుక్కుంది. గేటు దగ్గర ర్యాంకర్ల ఫ్లెక్సీ చూసి ఇద్దరూ సంతకం పెట్టేశారు. రోజుకు ఎన్ని గంటల చదువు, మానేస్తే ఫీజు సంగతేంటి, కింది సెక్షన్‌లో పడితే పాఠాలు ఎవరు చెబుతారు.. ఇవేవీ అడగలేదు. అడగాలని వాళ్లకెవరూ చెప్పలేదు. అసలు మిమ్మల్ని అడిగినవాళ్లే లేరు.

ర్యాంకుల ప్రకటనల మీద ప్రభుత్వం కూడా మొత్తానికి కదిలింది. కోచింగ్ సంస్థల తప్పుదోవ ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలిచ్చింది. ఫొటో వేస్తే ఆ విద్యార్థి ర్యాంకుతో పాటు ఏ కోర్సు చదివాడో కూడా చెప్పాలంది. రెండేళ్లు చదివినవాడినీ, చివర్లో నాలుగు మాక్ టెస్టులు రాసినవాడినీ ఒకే ఫ్లెక్సీ మీద కలిపేయడం ఎంత మామూలైపోయిందో దీన్నిబట్టే అర్థమవుతుంది. ఆ ప్రకటనలు పత్రికల్లోనూ వస్తాయి కాబట్టి ఈ మాట చెప్పే బాధ్యత మాకూ ఉంది.

పదో తరగతిలో మీ తరఫున పెద్దవాళ్లు సంతకం పెట్టారు. ఇప్పుడు పెన్ను మీ చేతిలోనే ఉంది. కాలేజీకి కంపెనీ వచ్చి ఇచ్చే ప్రీ ప్లేస్‌మెంట్ టాక్ ఒక ఓపెన్ హౌసే. అమీర్‌పేటలో ఉచిత డెమో క్లాసు కూడా ఓపెన్ హౌసే. హోటల్లో పెట్టే విదేశీ విద్య ఫెయిర్ కూడా అంతే. అన్నింటా ఏసీ హాలు, మంచి స్లైడ్లు, నవ్వు ముఖాలు ఉంటాయి. చూపించాలనుకున్నదే చూపిస్తారు. అది మోసం అనక్కర్లేదు, అమ్మేవాళ్ల పని అది. కొనేవాళ్ల పని మనం చేస్తున్నామా అన్నదే ప్రశ్న.

ఈ 4 ప్రశ్నలు అడగండి

ఒకటి. హయ్యెస్ట్ ప్యాకేజీ కాదు, మీడియన్ ఎంత? 60 మందిలో ఒకరికి 40 లక్షలు, మిగతా 59 మందికి మూడున్నర లక్షల చొప్పున వచ్చాయనుకోండి. ఫ్లెక్సీ మీద 40 కనిపిస్తుంది. సగటు తీస్తే 4 లక్షలు దాటుతుంది. వరుసలో నిలబెడితే మధ్యలో ఉన్నవాడి జీతం, అంటే మీడియన్, మూడున్నరే. మీకు వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నది అదే. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగులో పాల్గొనే విద్యాసంస్థలు ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయో, మీడియన్ జీతమెంతో రాసిస్తాయి. ఎంటెక్, ఎంబీఏలో చేరాలనుకునేవాళ్లు బ్రోచర్‌కంటే ముందు ఆ వివరాలు చూడాలి. శిక్షణ సంస్థనైతే నేరుగా అడగండి: ‘కిందటి బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తిచేశారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది?’ మూడు అంకెలూ చెప్పాలి. ‘హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్’ అంటే సాయం చేస్తామనే గానీ, ఉద్యోగం ఇప్పిస్తామని కాదు.

రెండు. టాపర్ కాదు, మధ్యలో ఉన్నవాడు ఏమంటున్నాడు? స్టేజీ ఎక్కించిన సీనియర్‌ది నిజమైన కథే కావచ్చు. కానీ మీరు వెతకాల్సింది రెండేళ్ల కిందట అదే కోర్సు చేసి, ఇప్పుడు మామూలు ఉద్యోగంలో ఉన్నవాడిని. లింక్డిన్‌లో నలుగురికి మర్యాదగా మెసేజ్ పెడితే ఒక్కరైనా జవాబివ్వకపోరు.

మూడు. ఇక్కడ బాగోలేనిదేంటి? మా అక్క అడిగిన ప్రశ్నే. జవాబుతో పాటు జవాబు చెప్పే తీరూ చూడండి. ‘మొదటి ఆరు నెలలు నైట్ షిఫ్టులు తప్పవు’ అని హెచ్‌ఆర్ సూటిగా చెప్పాడంటే ఆ మనిషిని కొంత నమ్మొచ్చు. ‘మా దగ్గర అసలు సమస్యలే లేవు’ అన్నాడంటే ఇంకో నలుగుర్ని అడగండి.

నాలుగు. మధ్యలో మానేస్తే ఏమవుతుంది? ఫీజు తిరిగిస్తారా? బాండు ఎన్నేళ్లు, ఎంత? ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతారా? ఉన్నత విద్యాసంస్థలు ఒరిజినల్స్ తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఇంకెవరైనా ‘ఉంచేసి వెళ్లండి’ అంటే ఎందుకని అడగండి, ఇవ్వకండి. నోటిమాటతో సరిపెట్టొద్దు. కాగితం మీద ఉన్నదే లెక్క. ఇక ఉద్యోగం ఇవ్వడానికి మీ దగ్గరే డిపాజిట్ అడిగితే, ‘బ్యాక్‌డోర్’ అన్నమాట వినిపిస్తే, అక్కడ అడగాల్సిన ప్రశ్నే లేదు. లేచి వచ్చేయడమే.

‘అడిగితే చెడ్డవాళ్లమైపోమా?’

ఈ భయం నిజమైనదే. ‘ఎక్కువ అడిగితే సెలెక్ట్ చేయరేమో’, ‘ఉన్న ఒక్క అవకాశం పోతుందేమో’ అని చాలామంది నోరు మెదపరు. ఇంట్లో అప్పు ఉన్నవాడికి, మూడేళ్లుగా ఖాళీగా ఉన్నవాడికి ఆ భయం ఇంకా ఎక్కువ. ప్రశ్నలు అడిగినంత మాత్రాన ఉద్యోగాలు పుట్టుకురావు, నిజమే. ఒక్కోసారి అన్నీ తెలిసి కూడా చిన్న జీతానికి, కష్టమైన షిఫ్టుకి ఒప్పుకోవాల్సి వస్తుంది. అయినా తెలిసి ఒప్పుకోవడం వేరు, చేరాక తెలుసుకోవడం వేరు. తెలిసి చేరినవాడు ఆరు నెలలకు ఏం చేయాలో ముందే ఆలోచించుకుంటాడు. తెలియక చేరినవాడు లక్ష రూపాయల ఫీజు పోయాక ఇంటికి ఏం చెప్పాలో తెలియక గదిలోనే ఉండిపోతాడు. అలాంటివాళ్లు మీ స్నేహితుల్లోనూ ఉండే ఉంటారు.

ప్రశ్న మర్యాదగా ఉంటే అవమానమేమీ కాదు. ‘సార్, చేరాలనే అడుగుతున్నాను. మొదటి ఏడాది పని ఎలా ఉంటుంది?’ అంటే, అడిగినవాడికి ఆసక్తి ఉందనే అర్థమవుతుంది.

ఇంకో మాట. వీలైతే డెమో క్లాసుకి నాన్ననో అమ్మనో వెంట తీసుకెళ్లండి. ‘వాళ్లకేం తెలుసు, ఇంగ్లిష్ రాదు’ అని వదిలేయకండి. ఎద్దును కొనేటప్పుడు కొమ్ములకు కట్టిన రంగుల్ని చూసి ఎవరూ డబ్బివ్వరు. పళ్లు చూస్తారు, నాలుగడుగులు నడిపిస్తారు. కొత్త విత్తనం తెచ్చేముందు ‘పోయినేడు ఇది ఎవరు వేశారు, ఎంత దిగుబడి వచ్చింది?’ అని పక్క ఊరికెళ్లి మరీ అడుగుతారు. మీరు కౌంటర్ దగ్గర అడగాల్సిందీ అదే. ఫీజు కట్టేముందు ఆ సంస్థ మెట్ల మీద పది నిమిషాలు నిలబడండి. క్లాసు అయిపోయి బయటికొస్తున్న కుర్రాళ్లలో ఒకరిని పక్కకు పిలిచి, ‘తమ్ముడూ, ఇక్కడ నీకు నచ్చనిదేంటి?’ అని అడగండి. ఆ తర్వాతే డబ్బు బయటికి తీయండి.