శిశు మస్తిష్క పరిశోధన – పల్నాటి కర్తవ్యము

పల్నాటి రైతు మిరపతోటలో ఆకు ముడుచుకొన్న మరునాడే కారణము వెదకును. మన్ను చూచును, విత్తనమును శంకించును, తెలిసినవారిని పిలుచుకొని వచ్చి చూపును. ఆ రైతు ఇంటనే మూడేండ్లు నిండిన బిడ్డకు మాట రాకున్నను, నడక కుదురకున్నను, మాటిమాటికి మూర్ఛ వచ్చుచున్నను ఇట్టి విచారణ జరుగుట అరుదు. కర్మఫలమని ఒకరు, దిష్టి యని ఒకరు, తండ్రికి గూడ మాటలు ఆలస్యముగనే వచ్చినవని మరియొకరు చెప్పుదురు. తల్లి కంట తడిపెట్టి ఊరకుండును. తోడ్పాటు మిక్కిలి ఫలించు కాలమంతయు ఈ మాటలలోనే గడచిపోవును. పైరుపట్ల చూపిన జిజ్ఞాస బిడ్డపట్ల చూపవలదా యని నేడు మేము పాఠకుల నడుగుచున్నాము.

ఇది ఏ కొలది యిండ్ల దుఃఖమో కాదు. పల్వల్, కాంగ్రా, ధెంకనాల్, ఉత్తర గోవా, హైదరాబాదు అను 5 ప్రాంతములలో 2 మొదలు 9 ఏండ్ల వరకు గల 3,964 మంది పిల్లలను పరీక్షించి, ఇన్‌క్లెన్ సంస్థవారు 2018లో ఫలితములను ప్రకటించిరి. ఆరేండ్లలోపు వారిలో ప్రాంతమునుబట్టి నూటికి 2.9 మొదలు 18.7 వరకును, ఆపై వయస్సువారిలో 6.5 మొదలు 18.5 వరకును మస్తిష్క వికాసమునకు సంబంధించిన లోప మేదో యొకటి కనబడెను. మూర్ఛ, సెరిబ్రల్ పాల్సీ, ఆటిజము, బుద్ధిమాంద్యము, వినికిడి లోపము, భాషాలోపము మున్నగునవి ఇందు చేరినవి. పుట్టిన వెంటనే ఏడ్వకపోవుట, తక్కువ బరువుతో పుట్టుట, మెదడునకు సోకిన అంటురోగములు, పోషణలేమిచే ఎదుగుదల కుంటుపడుట వీనితో ముడివడి యున్నవని వారు కనుగొనిరి. వీనిలో పెక్కు నివారింపదగినవే. అయినను ఒక ప్రాంతమునకును మరియొక ప్రాంతమునకును ఇంత వ్యత్యాస మేల? ఆయా ప్రాంతములలో వెదకినగాని ఈ ప్రశ్నకు సమాధానము దొరకదు. ఆ అయిదింటిలో తెలుగునాటినుండి హైదరాబాదొక్కటియే యున్నది. నరసరావుపేట, గురజాల, మాచర్లల పిల్లల సంగతి ఆ లెక్కలలో లేదు.

వెదకుటకు వెదకువారు కావలయును. ఒక్క యువకుని తీర్చిదిద్దుటవలన ఎంత ఫలము గలుగునో తెలుపు దృష్టాంతము మన యింటనే యున్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్యకళాశాలలో చదువునపుడు మహాత్ముని పిలుపు నందుకొని ఖద్దరు ధరించెను. అది శస్త్రచికిత్స బోధించు ఆచార్యునకు కంటగింపయ్యెను. పూర్తి పట్టమునకు బదులు తక్కువ యోగ్యతాపత్రమే సుబ్బారావు చేతికి వచ్చెను. 1923లో అమెరికా ప్రయాణమునకు మామగారు సమకూర్చిన ద్రవ్యముతోబాటు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ చేయూత నొసగెను. 1945లో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. నాడది రక్తహీనతకు మందు. 1948లో ఆయన కాలధర్మము నొందెను. 1991లో బ్రిటిష్ వైద్య పరిశోధనా మండలివారు 7 దేశములలో జరిపిన పరీక్షవలన మరియొక సత్యము తేలెను. మెదడు, వెన్నుపాము సరిగా రూపొందని బిడ్డను అంతకుముందు గర్భమున మోసిన తల్లులు, మరల గర్భము ధరింపకముందు నుండియే ఈ ఆమ్లమును సేవించినచో, ఆ లోపము నూటికి 72 పాళ్లు తగ్గునట!

కాకినాడ ధర్మకర్తలు ఇదంతయు ఊహించి యుండరు. వారు చేయూత నిచ్చినది ఒక యువకునికి. ఫలము ననుభవించుచున్నది లోకమందలి శిశువులు. కాని ఆ యువకునికి తగిన ప్రయోగశాల స్వదేశమున లభింపలేదు. ఈ రెండు పాఠములను మనము కలిపి చదువవలెను.

పట్టము చేతికి వచ్చిననాడే శాస్త్రజ్ఞుడు తయారుకాడు. డాక్టరేటు ముగిసిన తరువాతి అయిదారేండ్లే గడ్డుకాలము. స్వతంత్ర పరిశోధనకు ధనముండదు; ఇల్లు గడచుట కష్టము. ఆ దశలోనే ఎందరో విదేశములకో, వేరు వృత్తులకో తరలిపోవుదురు. భారత ప్రభుత్వ జీవసాంకేతిక శాఖయు, బ్రిటనులోని వెల్‌కమ్ ట్రస్టును కలసి 2008లో నెలకొల్పిన ఇండియా అలయన్సు హైదరాబాదు కేంద్రముగా ఇట్టివారికి వేతనము లొసగుట శ్లాఘనీయము. కాని అది దేశమంతటికిని, వైద్యశాస్త్రముల కన్నింటికిని ఉద్దేశింపబడినది. మన యక్కర మనము తీర్చుకొనవలదా?

శిశు మస్తిష్కమును పరిశోధింపగోరువాడు జన్యుశాస్త్ర మొక్కటి నేర్చిన చాలదు. పిల్లల వైద్యుని చెంత నిలువవలెను, గణాంకశాస్త్రము నెరుగవలెను, బిడ్డతో నాడుకొనుచు వాని చూపును, పలుకును గమనింపవలెను. పల్నాటి బిడ్డను పల్నాటి పలుకుబడిలోనే ప్రశ్నింపవలెను. నగరపు బిడ్డ నిత్యము చూచు వస్తువు బొమ్మను చూపి, గురజాల పల్లెలోని బిడ్డ దాని పేరు చెప్పలేదని మందబుద్ధిగా వ్రాసికొనుట విజ్ఞానము కాదు. మంగళగిరిలో ఎయిమ్స్ కలదు. గుంటూరులో 1946 నాటి వైద్యకళాశాల కలదు. ఈ రెండు సంస్థలును ఏటేట కొందరు యువ శాస్త్రజ్ఞులను ఎన్నుకొని, నరసరావుపేటను నివాసస్థానముగా జేసి, తల్లి గర్భము మొదలు బడి వయస్సు వరకు పిల్లల ఎదుగుదలను గమనించు శిక్షణ నీయవలెనని మా సూచన.

వైద్యుడే కరవైనచోట పరిశోధన యేల యని కొంద రనవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. పరీక్షింపబడిన ప్రతి బిడ్డకును చికిత్స, శిక్షణ లభించునట్లు ముందే యేర్పాటుండవలెను. రక్తము తీసికొనిపోయి మరల మొగము చూపని పరిశోధన మాకు వలదు. కాని కారణ మెరుగని చికిత్స ఎల్లకాలమును చీకటిలో తడవులాటయే యగును.

మన వంతు కర్తవ్యమును గూడ దాపరికము లేక చెప్పవలసియున్నది. ఆస్తి చెదరకుండుటకై మేనరికములు చేయువారు మన పాఠకులలోను గలరు. దగ్గరి రక్తసంబంధము గలచోట, తల్లిదండ్రు లిరువురియందును దాగియున్న ఒకే జన్యులోపము బిడ్డయందు బయల్పడుటకు అవకాశము హెచ్చు. ప్రతి మేనరికమును కీడు తెచ్చునని మే మనము. ఇంట నొక బిడ్డకు లోపము కనబడిన పిమ్మట, పెండ్లి సంబంధములు చెడునను భీతిచే దానిని దాచి, వైద్యుని సలహా లేకయే మరల అట్టి సంబంధమే కలుపుకొనుట మాత్రము బిడ్డలకు చేయు ద్రోహము.

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు జిల్లా యేర్పడెను. జిల్లా యనగా కచేరీలు మాత్రమే కాదు. బ్రహ్మనాయుడు చాపకూటి పంక్తిని దీర్చెనని చెప్పుకొను సీమ యిది. శాస్త్రజ్ఞుడు, వైద్యుడు, ఉపాధ్యాయుడు, తల్లి ఒక్క పంక్తిని గూర్చుండి ఈ బిడ్డలనుగూర్చి ఆలోచించు దినము రావలెను. తల్లిదండ్రుల పేర సత్రములును, గుడి మంటపములును కట్టించిన దాతలకు మన సీమలో కొదువ లేదు. వారిలో ఒక్కరైనను తల్లి పేర ఒక యువ శాస్త్రజ్ఞునికి అయిదేండ్ల వేతనము నేర్పరుపుడని ప్రార్థించుచున్నాము. కాకినాడ చేసినపని నరసరావుపేట చేయలేదా?