మీటలకు పరీక్ష, భాషకు రక్ష

జపాను భాషలో 'హషి' అనగా వంతెన, భోజనపు పుల్లలు, అంచు కూడా. ఉచ్చారణలో దగ్గరివే, చిత్రాక్షరాలు మాత్రం వేరు. కనుక ఆ భాషలో ధ్వనిని టైపు చేసి, కంప్యూటరు చూపిన వాటిలో తగిన అక్షరాన్ని ఎన్నుకోవాలి. 1978లో తోషిబా సంస్థ ప్రకటించిన జె.డబ్ల్యు.-10 యంత్రం ఈ మార్గానికి ఆద్యం. దాని వెల 63 లక్షల యెన్‌లు!

ఇంతటి చిక్కు పనిని ప్రతి కొత్త కూర్పులోనూ మనుషులే పరీక్షించడం దుస్సాధ్యం. ఫెడోరా వంటి ఉచిత వ్యవస్థల నిర్మాతలు అందుకు 'ఓపెన్‌క్యూఏ' అనే సాధనాన్ని వాడుతున్నారు. అది మనిషివలె మీటలు నొక్కి, తెరపై వచ్చిన బొమ్మను ముందుగా భద్రపరచిన బొమ్మతో పోల్చి చూస్తుంది. జపాను కీబోర్డుపై 'ఎట్' గుర్తు అమెరికా కీబోర్డుపై ఉన్నచోట ఉండదు. పాస్‌వర్డులో ఆ గుర్తుండి, కీబోర్డు అమరిక తారుమారైతే యజమానికే ప్రవేశం ఉండదు. ఇటువంటి లోపాలను యంత్రం విసుగు లేకుండా పట్టగలదు. అయితే భద్రపరచిన బొమ్మే సరైనదా అన్నది భాష తెలిసినవారే తేల్చాలి.

ఇది ఇంజనీర్ల పని అని కొందరంటారు, నేను అంగీకరించను. ఉర్దూ కుడినుండి ఎడమకు నడుస్తుంది, అక్షరం స్థానాన్నిబట్టి రూపు మార్చుకుంటుంది. తెలుగు ఒత్తులు అక్షరం కిందికి చేరుతాయి. ఒత్తు జారినా నుక్తా తప్పినా చెడేది విద్యార్థి పేరే. రెండు లిపులూ చదవగల విద్యార్థులు మనకున్నారు. వారు ఇటువంటి నమూనాలు సిద్ధపరచడానికి కళాశాల సంఘం కంప్యూటరు గదిని వారానికి ఒక గంట కేటాయించాలి.