కొలమానమునకును పరీక్ష కావలెను

పక్షవాతము తగిలిన మనుష్యునకు ప్రాణభయము తొలగిన వెంటనే ఇంటివారు వేయు ప్రశ్న యొక్కటే: “మరల నడువగలడా?” దీనికి వైద్యుడు చెప్పు బదులు ఊహపైగాక కొలతపై నిలువవలెను. తూలక నిలుచు శక్తిని, అనగా నిలుకడను, కొలుచుటకు నేడు పేరుపొందిన సాధనములలో పెక్కు ఇతర దేశములందు ఇతర భాషలలో పుట్టినవి. వానిని తెనిగించినంతమాత్రమున అవి మనకు కొలమానములగునా యనునదియే ఇచట విచార్యాంశము.

1989లో కెనడాదేశమున కేథరిన్ బెర్గ్ మొదలగువారు వృద్ధులకై ప్రకటించిన కొలమానము పిమ్మట పక్షవాతరోగులకును విరివిగా వాడబడినది. కూర్చున్నచోటినుండి లేచుట, కన్నులు మూసికొని నిలుచుట, నేలనున్న వస్తువును తీయుట, ఒంటికాలిపై నిలుచుట మున్నగు 14 పనులు ఇందు గలవు. ఒక్కొక్క పనికి 0 మొదలు 4 వఱకు మార్కులు, మొత్తము 56. రోగికి చేతికర్ర కావలెనా, చికిత్స గుణమిచ్చుచున్నదా యని తేల్చుటలో ఈ సంఖ్య తోడ్పడును. సంఖ్య తప్పినచో నిర్ణయము తప్పును. నిర్ణయము తప్పినచో రోగి నేలగూలును.

“నిలుచుట యే భాషలోనైనను నిలుచుటయే గదా, ఇందు భాషతో పనియేమి?” అని కొంద రడుగవచ్చును. రోగి చేయునది తాను విన్నదానినిబట్టియే. “చేయి చాచి, అందినంత దూరము ముందునకు వంగుము” అనుటలో “అందినంత దూరము” అను మాట జాఱిపోయెనా, రోగి నడుమనే ఆగును. వాక్యముయొక్క లోపము రోగి కాలిలెక్కలో పడును. ప్రక్కన కనిపెట్టియుండుటకును, చేయూత నిచ్చుటకును గల భేదము అనువాదమున చెరిగినచో ఒకే రోగికి ఇద్దరు పరీక్షకులు రెండు విధములుగ మార్కు లిత్తురు. అదిగాక పక్షవాతము కొందఱికి మాటను గ్రహించు శక్తినే చెఱచును. అట్టివారియెదుట పండితభాష పనికిరాదు. ఇంట వాడు మాటయే వాడవలెను, చేసియు చూపవలెను.

ప్రశ్నావళుల సంగతి మఱింత చిక్కైనది. 1995లో కెనడాలోనే పవెల్, మయర్సు అనువారు ప్రకటించిన 16 ప్రశ్నల పట్టిక, ఏయే పనులలో తూలకుండ నుండగలమని రోగికి ఎంత నమ్మకము గలదో అడుగును. వానిలో నొకటి మంచు పేరుకొనిన కాలిబాటపై నడక. మంచుగడ్డను గ్లాసులోదప్ప నెఱుగని గోదావరితీరపు రైతు దీనికేమి చెప్పును? వాన వెలిసిన బంకమట్టి గట్టును దాని స్థానమున నిలుపవచ్చును. కాని ఆ గట్టు ఆ మంచుబాటయంత కష్టమగునో కాదో పరీక్షించి తేల్చవలసినదే. మఱియు మనవారు నిత్యము చేయునట్టి, నేలపై కూర్చుండి లేచు పని ఆ పట్టికలో లేనేలేదు.

2000లో బీటన్ మున్నగు పండితులు ఇట్టి కార్యమునకు క్రమమును సూచించిరి. ఇద్దరు వేర్వేరుగ అనువదింపవలెను, రెంటిని సమన్వయింపవలెను, మూలమును చూడని మఱి యిద్దరు దానిని తిరిగి మూలభాషలోనికి మార్చవలెను, నిపుణులసంఘము పరిశీలింపవలెను, 30 నుండి 40 మందిపై ప్రయోగించి చూడవలెను. ఇంతటితో పని సగమే ముగిసినది. పిమ్మట ఒకే రోగిని ఇద్దరు కొలిచినను, స్థితి మాఱని రోగిని కొలది దినములకు మరల కొలిచినను ఫలము దాదాపుగ ఒక్కటిగ వచ్చునా? నిరూపితమైన ఇతర కొలతలతో పొందునా? వీనికి సమాధానము దొరకవలెను. ముద్రలేని తూనికరాతిని సంతలో రైతు నమ్మడు. ఆస్పత్రిలో మాత్రమేల నమ్మవలెను?

2011 జనాభాలెక్కలలో తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్లకు పైబడిరి. కోస్తా, రాయలసీమ, తెలంగాణముల పలుకుబడులు వేఱు, చదువుకొననివారును అనేకులు. కావున ఏ తెలుగు కొలమానమైనను ఈ మూడు సీమల రోగులయెదుట నిలిచి గెలువవలెను. ఈ భారము ఒక్కొక్క ఫిజియోథెరపిస్టు మంచముప్రక్కన అప్పటికప్పుడు అల్లుకొను అనువాదముతో తీరదు. వైద్యవిశ్వవిద్యాలయములు పూనుకొని, మూలకర్తల యనుమతితో పరిశోధన జరిపించి, ఫలితములను ఎల్లరకు అందునట్లు ప్రకటింపవలెను. కాలూదుకొని నిలువ యత్నించు రోగికి మనము మొదట ఈయవలసిన ఊతము నమ్మదగిన కొలతయే.