బంగారు కోట నీడలో బస

తెలుగువారికి జైసల్మేర్ పేరు క్రొత్తది కాదు. దేశంలో వాన మిక్కిలి తక్కువగా పడే జిల్లాల ప్రసక్తి వచ్చినప్పుడల్లా ముందు జైసల్మేర్, ఆ తరువాత అనంతపురం అని చెప్పుకొనడం చిరకాలంగా వాడుకలో ఉన్నది. అయితే ఈ రెంటి నడుమ గల అంతరం చిన్నది కాదు. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. జైసల్మేర్‌లో పడేది 200 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే. థార్ ఎడారిలోని ఆ చిన్న పట్టణంలో 2011 జనాభా లెక్కల ప్రకారం నివసించేవారు 65 వేలమంది. శీతకాలం ప్రవేశించగానే దేశం నలుమూలల నుండి యాత్రికులు అక్కడికి తరలివస్తారు. వారికోసం వీధివీధినా అతిథిగృహాలు వెలసినవి.

ఏ ఊరిలోనైనా బస ఎన్నుకొనేటప్పుడు యాత్రికుడు చూచేది రెండు విషయాలు: అద్దె, సౌకర్యం. జైసల్మేర్‌లో మూడవది కూడా ఉన్నది. అదే అన్నింటికంటె ముఖ్యమైనది. తాను వాడిన నీరు ఎక్కడికి పోతుందన్నది ఆ మూడవ ప్రశ్న.

ఆ ప్రశ్న ఎందుకు పుట్టినదో తెలియాలంటే కోట సంగతి తెలియాలి. 1156లో రావల్ జైసల్ త్రికూట పర్వతంపై ఈ కోటకు పునాది వేసినాడు. పసుపు వన్నె రాతితో కట్టిన ప్రాకారాలు, 99 బురుజులు ఎండ పడగానే బంగారువలె మెరుస్తాయి. సత్యజిత్ రాయ్ 1974లో తీసిన ‘సోనార్ కెల్లా’ చిత్రం ఈ బంగారు కోటను దేశమంతటికీ పరిచయం చేసినది. 2013లో యునెస్కో రాజస్థాన్‌లోని ఆరు గిరిదుర్గాలను ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినప్పుడు వాటిలో ఇదీ ఒకటి. తక్కిన కోటలు చాలవరకు చూచి వచ్చేవి మాత్రమే కాగా, ఇది నేటికీ మనుషులు కాపురముంటున్న కోట. ఇరుకు సందులలో కొన్ని వేలమంది తరతరాలుగా నివసిస్తున్నారు. ఆ ఇళ్ళలో అనేకం నేడు అతిథిగృహాలు.

పూర్వం కోటలోనికి నీరు కడవలలో వచ్చేది. 14వ శతాబ్దపు గడీసర్ చెరువు ఊరి దాహం తీర్చేది. స్త్రీలు అక్కడినుండి కడవలు నెత్తిన పెట్టుకొని కొండ ఎక్కేవారు. అంత శ్రమపడి తెచ్చిన నీటిని ఒలకబోసేవారెవరు? ఒక పనికి వాడిన నీరే మరొక పనికి వినియోగమయ్యేది. నేలలోనికి ఇంకిపోవడానికి మిగిలేది బహుస్వల్పం. తరువాత కొళాయిలు వచ్చినవి. కొళాయిల వెంట యాత్రికులు, వారి వెంట స్నానపు గదులు, జల్లు స్నానాలు వచ్చినవి. బకెట్టు నీటితో స్నానం చేసేవానికి ఇరవై లీటర్లు చాలును. జల్లు క్రింద పది నిమిషాలు నిలబడేవానికి సుమారు వంద లీటర్లు కావలెను. కడవలనాటి కొండపై కొళాయిలనాటి నీరు పారసాగినది.

అన్ని కోటలూ దీనిని తట్టుకొనలేకపోవునా అంటే, ఇక్కడనే చిక్కు ఉన్నది. జైసల్మేర్ కోట గట్టి నల్లరాతి గుండుపై లేదు. దాని అడుగున ఉన్నవి మెత్తని అవక్షేప శిలలు, బంకమట్టి పొరలు. పొడిగా ఉన్నంతకాలం అవి కోటను మోయగలవు, తడిసినవా, జారిపోతాయి. పాత ఇళ్ళ పైకప్పులు కూడ అటువంటివే. దూలాలపై దట్టంగా మట్టి పరచిన ఆ కప్పులు ఎండకు చక్కని రక్షణ. నీరు పీల్చుకొన్నప్పుడు మాత్రం ఆ మట్టి బరువే ఇంటికి ముప్పు. మురుగు గొట్టాలనుండి కారిన నీరు ఏళ్ళ తరబడి పునాదులలోనికి దిగినది. ప్రపంచ స్మారక నిధి సంస్థ 1996లోనే ఈ కోటను ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చినది. గత శతాబ్దపు చివరి ఏళ్ళలో కొన్ని బురుజులు కూలినవి. 2024 ఆగస్టు వర్షాలలో ప్రాకారం ఒకచోట విరిగిపడినది.

అట్లని కోటలోని గృహస్థులను నిందించడం న్యాయం కాదు. కొళాయి కోరుకొనడం ఎవరికీ నేరం కాదు. కడవ మోసిన నడుములకే కొళాయి విలువ తెలుస్తుంది. అతిథులిచ్చే అద్దెపై బ్రతుకుతున్న కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నవి. వారిని కొండ దింపివేస్తే మిగిలేది ప్రాణం పోయిన ప్రదర్శనశాల. మురుగునీటిని బయటికి పంపే ఏర్పాట్లను బాగుచేసే పని జరిగినది. ఇంకను జరుగవలసినది ఉన్నది. ఆ పని ప్రభుత్వానిది, నిపుణులది. యాత్రికుని చేతిలో ఉన్నది ఒక్కటే: తన బకెట్లను కొండమీద పోయవలెనా, కొండ క్రింద పోయవలెనా అన్న నిర్ణయం. విదేశీ మార్గదర్శక గ్రంథాలు కొన్ని ఎంతోకాలంగా కొండ క్రింది బసనే సూచిస్తున్నవి.

కొండ దిగినంత మాత్రాన నష్టమేమీ లేదు. పట్వాల హవేలీల వంటి 19వ శతాబ్దపు అద్భుత శిల్పభవనాలు ఉన్నది కోట వెలుపలి ఊరిలోనే. వాటి చుట్టుప్రక్కల సందులలో పాత ఇళ్ళు చాల వసతి గృహాలుగా మారినవి. పగలల్లా కోటలో తిరిగి, అక్కడి జైన దేవాలయాలు చూచి, అక్కడి అంగళ్ళలో కొని, అక్కడి భోజనశాలలలో తిన్నచో కోటవాసుల జీవనానికీ లోటు రాదు. రాత్రి నిద్రకు, ఉదయం స్నానానికి మాత్రం క్రిందికి దిగి వస్తే చాలును.

గదిని ఎన్నుకొనేటప్పుడు కొన్ని విషయాలు గమనించవలెను. గదిని పగటివేళ చూడడం మంచిది. మందమైన రాతిగోడలు, నడుమ తెరపి ఉన్న ఇల్లు మేలు. వేసవిలో డాబామీది గది నిప్పులకొలిమి. రాయి పగలు త్రాగిన వేడిని రాత్రి కక్కుతుంది. శీతకాలపు రాత్రులలో చలి పది డిగ్రీల లోపునకు దిగుతుంది గనుక, ఉదయపు ఎండ పడే తూర్పు గది, కప్పుకొనడానికి దళసరి రజాయి ఉన్నవో లేవో చూచుకొనవలెను. వేడినీరు బకెట్టుతో తెచ్చి ఇచ్చే ఇల్లు కనబడితే దానిని పేదరికంగా భావించరాదు. ఆ ఎడారిలో అది వివేకం. వంట ఇంటిలోనే చేస్తారా అని అడగడం మరువరాదు. చేసే ఇల్లయితే కేర్ సాంగ్రీ కూర తప్పక దొరుకుతుంది. సాంగ్రీ అంటే మరేదో కాదు. తెలుగువారు దసరానాడు పూజించే జమ్మిచెట్టు కాయలే. వాన ముఖం చూడని నేలలో ఆ చెట్టే కూర, నీడ, పశువుల మేత.

రైలు దిగగానే చుట్టుముట్టే దళారులతో జాగ్రత్త అవసరం. మరీ చవకగా గది ఇస్తామన్నచోట మెలిక మరొకటి ఉంటుంది. ఇసుక దిబ్బలపై ఒంటె సవారీకి తమ ద్వారానే వెళ్ళవలెనని పట్టుపట్టడం, కాదంటే గదిలేదనడం అక్కడ తరచు వినబడే మాట. సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని సామ్ దిబ్బలకు ఎవరి ద్వారా పోవలెనన్నది యాత్రికుని ఇష్టం. గది అద్దె వేరు, సవారీ రుసుము వేరు అని ముందే తేల్చుకొని, రెండింటినీ కాగితంపై వ్రాయించుకొన్నవానికి తగవు రాదు.

కొందరికి కోటలోపల నిద్రించవలెనన్న కోరిక తీరనిదిగా ఉండవచ్చును. అటువంటివారు ఒక్క రాత్రితో తృప్తిపడి, బకెట్టుతో స్నానం చేసి, కారుతున్న కొళాయి కనబడితే ఇంటివారికి చెప్పి రావడం ఉచితం. కాని వారికొక సంగతి ముందే తెలియవలెను. దీపం క్రింద చీకటి అన్నట్లు, కోటలో బసచేసినవానికి కిటికీలోనుండి ఊరు కనబడుతుంది, ఎడారి కనబడుతుంది; కోట మాత్రం కనబడదు. తెల్లవారుజామున మొదటి ఎండకు బురుజులు ఒక్కొక్కటే పసుపు వన్నె దాల్చడం చూడగలిగేవాడు క్రింది ఊరిలో, అద్దె తక్కువైన ఒక ఇంటి డాబాపై, రజాయి కప్పుకొని కూర్చున్నవాడే.