పిల్లల భద్రత బస్సు కదలకముందే తేలాలి

కార్తీకమాసం వచ్చిందంటే గుడివాడ, బందరు బడుల్లో వనభోజనాల మాటే. అక్కడి నుంచి సంక్రాంతి సెలవుల దాకా మంగినపూడి బీచ్‌కీ, హంసలదీవికీ బడి బస్సులు తిరుగుతూనే ఉంటాయి. తిరగాలి కూడా. కృష్ణమ్మ సముద్రంలో కలుస్తుందని పాఠంలో చదివిన గుడివాడ పిల్ల ఆ చోటును కళ్లారా చూడాలి. ఘంటసాల స్తూపం, బందరు కోట, పెడన కలంకారీ అద్దకం చూడాలి. ఎక్కడైనా ప్రమాదం జరగ్గానే యాత్రలన్నీ రద్దు చేయమనడం పెద్దలు తమ బాధ్యతను వదిలించుకోవడమే. పిల్లల భద్రత మాత్రం బస్సు కదలకముందే తేలిపోవాలి. నీళ్ల దగ్గరికి చేరాక ఆలోచిస్తే ఆలస్యమే.

2014 జూన్ 8ని తెలుగువాళ్లు మరిచిపోలేరు. హైదరాబాద్‌లోని వీఎన్‌ఆర్ విజ్ఞానజ్యోతి ఇంజినీరింగ్ కాలేజీ నుంచి హిమాచల్‌కు వెళ్లిన విద్యార్థుల్లో 24 మందిని మండీ జిల్లాలో బియాస్ నది మింగేసింది. ఎగువన లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలిన సంగతి నదిలో దిగి ఫొటోలు తీసుకుంటున్న ఆ పిల్లలకు తెలియలేదు. ఒక్కో కుటుంబానికి రూ. 20 లక్షల పరిహారం ఇవ్వాలన్న హిమాచల్ హైకోర్టు, విద్యుత్ బోర్డుతో పాటు కాలేజీకీ అందులో వాటా వేసింది. అంతకు ముందు 1995లో పఠాన్‌కోట్ దగ్గరి ఒక బడి పిల్లలు 14 మంది పిక్నిక్‌కు వెళ్లి అదే బియాస్‌లో మునిగిపోయారు. ఆ కేసులో 2001లో సుప్రీంకోర్టు కుటుంబానికి రూ. 5 లక్షల పరిహారాన్ని ఖాయం చేసింది. తల్లిదండ్రుల చేత అంగీకార పత్రం మీద సంతకం పెట్టించుకున్నంత మాత్రాన తమ పూచీ తీరిపోయిందనుకునే యాజమాన్యాలు ఈ తీర్పులు చదవాలి.

మన తీరం సంగతికి వద్దాం. హంసలదీవి సాగరసంగమం దగ్గర నీళ్లు చూడ్డానికి నెమ్మదిగానే ఉంటాయి. పాటు మొదలైతే నది నీరూ, వెనక్కి మళ్లే సముద్రపు నీరూ కలిసి మనిషిని లోపలికి లాగేస్తాయి. ఇసుక మేటలు ఒకచోట స్థిరంగా ఉండవు, వరద వచ్చి వెళ్లిందంటే మారిపోతాయి. నిరుడు మోకాలి లోతున్న చోట ఈ ఏడు నిలువు లోతు ఉండొచ్చు. ఈ సంగతి పాలకాయతిప్ప జాలరికి తెలుసు, లెక్కల మాస్టారికి తెలియదు. ఆయన తప్పేమీ కాదది. తెలిసినవాణ్ని వెంట తీసుకెళ్లకపోవడమే తప్పు. నీట మునిగి ఊపిరాగిన పిల్లకు నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. అంబులెన్సు అవనిగడ్డ నుంచి కోడూరు దాటి వచ్చేదాకా ఆ నిమిషాలు ఆగవు. ఒడ్డున ఈతగాడూ తాడూ ఉండాలి, నోటితో ఊపిరి అందించి గుండె నొక్కడం నేర్చిన టీచరూ ఉండాలి.

పడవల విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. 2017 నవంబరు 12న, కార్తీక ఆదివారం నాడు, ఇబ్రహీంపట్నం పవిత్రసంగమం దగ్గర అనుమతి లేని పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా చనిపోయారు. 2024 జనవరిలో వడోదర హర్ణి చెరువులో పరిమితికి మించి ఎక్కించిన పడవ మునిగి 12 మంది బడి పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. నాగాయలంకలోనైనా, ఎదురుమొండి రేవులోనైనా లైఫ్‌జాకెట్ ఒంటిమీద బిగించి కట్టుకోని పిల్లను పడవ ఎక్కనివ్వకూడదు. జాకెట్లు చాలకపోతే ప్రయాణం మానుకోవాలి. అప్పుడు పిల్లలు ఏడుస్తారు, ఏడవనివ్వండి. ఇక కాలవ గట్ల మీది రోడ్లున్న ఈ డెల్టాలో, చలికాలపు మంచులో, రాత్రి తిరుగు ప్రయాణం అసలు పెట్టుకోకూడదు.

యాత్రకు అనుమతిచ్చే విద్యాశాఖ అధికారులు కొన్ని ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు అడగాలి. ఆ రోజు పోటుపాట్లు ఎప్పుడు? నీళ్ల దగ్గర పూచీ ఎవరిది? పదిమంది పిల్లలకు ఒక టీచరైనా ఉన్నారా? సంగమం దగ్గర స్నానాలు ఉండవని చెప్పారా? పిల్లల జాబితా మెరైన్ పోలీసులకు ఇచ్చారా? జవాబు లేకపోతే అనుమతీ ఉండకూడదు.

తల్లిదండ్రులారా, ఈసారి యాత్ర డబ్బులు కట్టే ముందు ఇవే ప్రశ్నలు హెడ్మాస్టరుగారిని మీరూ అడగండి.