డిచ్‌పల్లి నేర్పిన ఐక్యత

ఏటా జనవరి 18 నుంచి 25 దాకా ప్రపంచంలో చాలాచోట్ల క్రైస్తవ సంఘాలు ఐక్యత కోసం ప్రార్థిస్తాయి. 1908లో అమెరికాలో పాల్ వాట్సన్ అనే గురువు మొదలుపెట్టిన వారమిది. ఇప్పుడు దాని ప్రార్థనా క్రమాన్ని వాటికన్, ప్రపంచ చర్చిల మండలి కలిసి తయారుచేస్తున్నాయి. మన దగ్గర ఈ వారం పేరు వినని విశ్వాసులే ఎక్కువ. మనకు తెలిసింది ఐక్య క్రిస్మస్. ఓ ఫంక్షన్ హాలు, ఫ్లెక్సీ నిండా పాస్టర్ల ఫొటోలు, ముఖ్య అతిథిగా ఎమ్మెల్యే, కేకు, బిర్యానీ. అందులో తప్పేమీ లేదు. చేతులు కడుక్కుని బయటికి రాగానే మళ్లీ ఎవరి సంఘం వారిదే కావడం దగ్గరే చిక్కంతా.

తెలుగునాట సంఘాలు దగ్గరైన సందర్భాలను వెనక్కి వెళ్లి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. అవి సిద్ధాంతాలు చర్చించి దగ్గరైనవి కావు. ఒక్కరి వల్ల కాని పని ఎదురైనప్పుడు దగ్గరయ్యాయి. ఇందుకు సాక్ష్యం వెతకడానికి నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ దగ్గరి అంకాపూర్ నుంచి దూరం పోనక్కర్లేదు. 1915లో వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు ఇసబెల్ కెర్, జార్జ్ కెర్ దంపతులు డిచ్‌పల్లిలో కుష్ఠు ఆసుపత్రి పెట్టారు. ఊరి బయటికి గెంటేసిన మనుషులకు మంచం వేసి మందిచ్చిన చోటు అది. దానికి మొదట చేయూతనిచ్చిన దాత నిజామాబాద్‌కు చెందిన హిందువు, రాజా నర్సాగౌడ్. తర్వాత ఏ ఒక్క శాఖకూ చెందని కుష్ఠురోగుల మిషన్ ఆసరాగా నిలిచింది. రోగికి బాప్తిస్మం చిలకరింపుతో ఇచ్చారా, ముంచి ఇచ్చారా అని అడిగే తీరిక అక్కడ ఎవరికీ ఉండి ఉండదు.

మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి ఇంకా మంచి ఉదాహరణ. దాని పాత పేరులోనే ‘యూనియన్ మిషన్’ ఉంది. డెన్మార్క్ వైద్యుడు ఫ్రిమోట్-మోలర్ నాయకత్వంలో పలు మిషన్లు ఖర్చు పంచుకుని నిలబెట్టిన సంస్థ అది. పాస్టర్ల చదువూ అంతే. 1964లో రాజమండ్రిలో లూథరన్లు, బాప్టిస్టులు, సీఎస్ఐ వారు కలిసి ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల పెట్టుకున్నారు. 1973లో అది హైదరాబాద్‌కు వచ్చింది. ఇక పాట సంగతి చెప్పనే అక్కర్లేదు. పురుషోత్తమ చౌదరి కీర్తన ఎత్తుకుంటే లూథరన్ అయినా, బాప్టిస్టు అయినా, సీఎస్ఐ అయినా పుస్తకం చూడకుండానే పాడతారు.

ఇలా కలిసి పనిచేసిన అలవాటు మీదే 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) పుట్టింది. బిషప్పులున్న ఆంగ్లికన్లు, బిషప్పులు లేని మెథడిస్టులు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ వారు ఒక్కటవడం అప్పటికి ప్రపంచంలో ఎవరూ ఎరుగని సాహసం. దానికి బీజం 1919లో తరంగంబాడి సమావేశంలో పడింది. హాజరైనవారిలో ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. ముందు నిలిచిన వారిలో ఒకరు దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. పరదేశంలో పుట్టిన తగాదాలు మన పల్లెల్లో ఎందుకన్నది ఆ తరం వాదన. చర్చలు 28 ఏళ్లు సాగాయి. ఫలం చూడకుండానే 1945 జనవరి 1న అజరయ్య కన్నుమూశారు. కలయిక కుదిర్చిన పెద్దలు, అప్పటికే ఉన్న పాస్టర్లకు మళ్లీ అభిషేకం అవసరం లేదన్నారు. ఏ సంఘం మీదా దానికి ఇష్టం లేని పాస్టరునో, ఆరాధన పద్ధతినో రుద్దబోమని మాట ఇచ్చారు. ఆ మాటే లేకపోతే ఆ కలయిక నిలిచేది కాదు.

అయినా నంద్యాల ఆంగ్లికన్లలో చాలామంది అప్పుడు రాలేదు. వాళ్లు సీఎస్ఐలో కలిసే సరికి 1975 అయింది. లూథరన్లు, బాప్టిస్టులు ఇప్పటికీ వేరుగానే ఉన్నారు. కలిసిన సంఘంలోనూ సఖ్యత లేదు: దాని పాలకమండలి అయిన సినడ్ ఎన్నికల తగాదా మద్రాసు హైకోర్టు దాటి సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆరోగ్యవరంలో ఖర్చు పంచుకున్న సంప్రదాయానికి వారసులు ఇప్పుడు ఆస్తుల కోసం వకీళ్ల ఖర్చు పెట్టుకుంటున్నారు.

మన సంఘాలను నిజంగా చీల్చింది సిద్ధాంతం కాదని నా అభిప్రాయం. చీల్చింది కులం. శాఖ వేరైనా పిల్లనిచ్చే కుటుంబాలున్నాయి. కులం వేరైతే ఒకే ప్రభువు బల్లలో భాగం పుచ్చుకునే వాళ్లు కూడా సంబంధం కలుపుకోరు. దీనిపై ఐక్య క్రిస్మస్‌లో ప్రసంగం వినలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం బాప్తిస్మం పొందిన దళితుడికి ఎస్సీ హోదా పోతుంది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ హోదా దక్కింది గానీ క్రైస్తవులకు, ముస్లింలకు లేదు. తెలంగాణలో క్రైస్తవులైన దళితులకు మిగిలింది బీసీ-సీ కింద ఒక్క శాతం. 2011 జనగణనలో ఉమ్మడి రాష్ట్రంలో క్రైస్తవులు 1.34 శాతమే అని తేలడానికి ఇదీ ఒక కారణం. ఆదివారం గుడికి, సోమవారం సర్టిఫికెట్‌కు వేర్వేరు పేర్లతో బతికేవారి గోడు ఇది. క్యాథలిక్కు, పెంతెకొస్తు తేడా లేని గోడు. అందరూ కలిసి అడగాల్సిన గోడు.

కలిసి అడగడం అంటే ఏమిటో ఆర్మూర్ ప్రాంతానికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానంలో 178 మంది రైతులు పోటీలో నిలిచారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. పార్టీలు వేరు, కులాలు వేరు, పసుపుకు బోర్డు కావాలన్న మాట ఒక్కటే. 2025 సంక్రాంతి నాడు బోర్డు మొదలైంది. ధర సంగతి ఇంకా తేలనే లేదు, అది వేరే కథ. అయితే ఇదే జిల్లాలో ఐక్యతకు మరో ముఖమూ ఉంది. కొన్ని ఊళ్లలో గ్రామాభివృద్ధి కమిటీలు మాట వినని కులాలను వెలివేశాయన్న ఫిర్యాదులు చూస్తూనే ఉన్నాం. అందరిచేతా ఒకే మాట అనిపించే ఐక్యత మాత్రం సంఘాలకు వద్దు. 1947 నాటి పెద్దలు ఆ తేడా ఎరిగినవారు.

పెద్ద శాఖలు మరచిపోయే సంగతి ఇంకొకటి. ఇవాళ పల్లెల్లో రేకుల షెడ్డు కింద నడిచే సంఘాల్లో చాలావరకు ఏ డయాసిస్‌కూ చెందనివి. వాటి పాస్టరు వారమంతా కూలికి పోయి ఆదివారం వాక్యం చెబుతాడు. ఆయనను పక్కన కూర్చోబెట్టుకోని ఐక్యత బిషప్పుల ఐక్యతే అవుతుంది. గుడి మీద దాడి జరిగితే మొదట తగిలేది ఆయనకే. మనిషి చనిపోతే సమాధుల తోటలో జాగా కోసం తిరిగేదీ ఆయనే.

ఆర్మూర్ చుట్టుపక్కల పాస్టర్లకు నా విన్నపం ఒకటే. ఈసారి ఐక్య క్రిస్మస్ కమిటీ కూర్చున్నప్పుడు ముఖ్య అతిథి పేరు తేల్చకముందే, సమాధుల తోట లేని ఊళ్ల జాబితా రాయండి. క్యాథలిక్ ఫాదర్ నుంచి రేకుల షెడ్డు పాస్టరు దాకా అందరి సంతకాలతో ఒక్క దరఖాస్తు కలెక్టరు గారికి ఇవ్వండి. ప్రార్థన ఆ రోజు అక్కడే మొదలుపెట్టండి.